తుపాను తీరము దాటిన తరువాత

"తుపాను తీరము దాటినది." కార్తీక మార్గశీర్ష మాసములలో రేడియో వార్తలయందు తరచుగ వినవచ్చు వాక్యమిది. ఈ మాట చెవిని పడినంతనే కోస్తా గ్రామములలో జనులు ఊపిరి పీల్చుకొందురు. గడచినది గడచినది, ఇక మిగిలిన దానిని చక్కబెట్టుకొందమని బయటికి వత్తురు. సముద్రమునకు 250 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వాసులు మరొక విధముగ ధైర్యము తెచ్చుకొందురు. తుపాను కోస్తావారి కష్టము. దాని పుణ్యమున మనకు నాలుగు చినుకులు పడిన అదియే పదివేలు అనుకొని, రేడియో కట్టివేసి తమ పనులలోనికి పోవుదురు.

ఈ ప్రసంగము ఆ రేడియో కట్టివేయు క్షణమును గూర్చినది. మన సీమకు సంబంధించినంతవరకు, తుపాను తీరము దాటుటతో కథ ముగియదు, అప్పుడే మొదలగును. గాలి కోస్తాలో చాలవరకు ఆగిపోవును. నీరు మాత్రము మనవద్దకు వచ్చును. అది ఎట్లు వచ్చును, కరువునకు పేరుపడిన నేలలో వరద ఏల పుట్టును, దానికి మనము చేయదగినదేమి అను విషయములను క్రమముగ విచారింతము.

ముందుగా మన ఋతువుల సంగతి. దేశములో మిక్కిలి తక్కువ వర్షము పడు ప్రాంతములలో అనంతపురపు సీమ యొకటి. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగి, పైన చెప్పిన మూడు పట్టణములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గాని, ఆకాశము మాత్రము మారలేదు. ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనము అరేబియా సముద్రమునుండి మోసుకొని వచ్చు తేమను పడమటి కనుమల ఆవలి వైపుననే చాలవరకు కురిపించివేయును. కనుమలు దాటి ఇటు దిగుచున్న గాలి వేడెక్కి పొడిబారును. అందుచే ఆషాఢ శ్రావణములలో మనకు గాలి దండిగా వీచును, వాన కొద్దిగా పడును. మేఘములు తలపై పరుగులు పెట్టును గాని నిలువవు. రామగిరి కొండలపై గాలిమరలు నిలిపి విద్యుత్తు తీయుటకు కారణము ఈ గాలియే.

అక్టోబరు మూడవ వారము వచ్చునప్పటికి గాలి దిశ తిరుగును. ఈశాన్యపు గాలి బంగాళాఖాతముపై నుండి వీచుట మొదలిడును. సముద్రజలము అప్పటికింకను వెచ్చగా నుండును. ఆ వెచ్చని నీటిపై గాలి తేమను త్రాగి పైకి లేచును. లేచినకొలది చల్లబడి, ఆవిరి మేఘముగ మారును. మారునప్పుడు తనలోని వేడిని విడుచును. ఆ వేడి గాలిని మరింత పైకి నెట్టును. క్రింద ఏర్పడిన వెలితిని పూరించుటకు నలువైపులనుండి గాలి చొచ్చుకొని వచ్చును. భూమి తిరుగుచుండుటచే ఆ గాలి తిన్నగా పోక సుడి తిరుగును. ఇదియే అల్పపీడనము. బలపడిన వాయుగుండము, ఇంకను బలపడిన తుపాను.

ఈ పేర్లు గాలి వేగమును బట్టి పెట్టినవి. గంటకు 31 మొదలు 49 కిలోమీటర్ల వరకు వీచిన వాయుగుండము. 50 మొదలు 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 మొదలు 88 వరకు తుపాను. 89 మొదలు 117 వరకు తీవ్ర తుపాను. ఆపైన ఇంకను పెద్ద పేర్లు కలవు. గాలి వేగము రెండింతలైన దాని త్రోపు నాలుగింతలగును. కనుక కోస్తా ప్రజలకు ఈ అంకెలు ప్రాణసమానములు. కాని ఒక సంగతి గమనింపుడు. ఈ పేర్లలో ఎక్కడను వాన ప్రసక్తి లేదు. ఎంత గాలి వీచునో పేరు చెప్పును. ఎంత నీరు కురియునో చెప్పదు.

తుపాను నేలమీదికి ఎక్కినంతనే దానికి ఆహారమైన వెచ్చని సముద్రజలము దూరమగును. చెట్లు, ఇండ్లు, కొండలు అడ్డుపడి ఒరిపిడి కలిగించును. అందుచే గాలి కొన్ని గంటలలోనే తగ్గిపోవును. ఐనను సముద్రముపై కూడబెట్టుకొన్న తేమ అంత త్వరగ తరగదు. బలహీనపడిన సుడి మెల్లగ నడచుచు, ఒక్కొక్కప్పుడు ఒకేచోట నిలిచి, ఆ తేమనంతయు విడుచును. దారిలో కొండలు తగిలినచో గాలి పైకెక్కి మరింత కురియును. వేగముగ పోవు పెద్ద తుపానుకంటె, నింపాదిగ నడచు చిన్న వాయుగుండము మనకు ఎక్కువ కీడు చేయగలుగుటకు కారణమిదియే.

దీనికి 2021 నవంబరు కంటె వేరు సాక్ష్యము అక్కరలేదు. ఆ నెల 19వ తేదీ తెల్లవారుజామున ఒక వాయుగుండము ఉత్తర తమిళనాడు తీరమును దాటినది. అది తుపాను కాదు. దానికి పేరు కూడ పెట్టలేదు. కాని ఆ దినముననే కడప జిల్లాలో చెయ్యేరుపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ గ్రామములు కొట్టుకొనిపోయినవి. ఆ రాత్రి కదిరి పట్టణములో భవనము కూలి పలువురు మరణించిరి. పెన్న నెల్లూరు వరకు పొంగి రహదారులను, రైలుమార్గమును తెంచినది.

ఆ దినముననే మన చిత్రావతిలో జరిగిన సంగతి వేరుగ చెప్పదగినది. చెన్నేకొత్తపల్లి మండలములోని వెల్దుర్తి వద్ద ఒక కారు ప్రవాహములో చిక్కుకొన్నది. అందులోని వారిని తెచ్చుటకు మట్టిత్రవ్వు పెద్ద యంత్రముతో కొందరు నీటిలోనికి దిగిరి. ఆ యంత్రము కూడ నడిమధ్య నిలిచిపోయినది. కారువారును, వారిని కాపాడవచ్చినవారును కలిసి పదిమంది ఆ యంత్రముపై నిలిచి, చుట్టును నీరు పెరుగుచుండగా ఆకాశమువైపు చూడవలసి వచ్చినది. చివరకు వైమానిక దళమువారి హెలికాప్టరు వచ్చి వారిని పైకి తీసికొన్నది. టన్నుల బరువుగల ఇనుప యంత్రమును నిలువరించిన ఏరు, ఏటిలో అధిక భాగము పిల్లలు ఆడుకొను ఇసుక మైదానము! మన సీమ వరద స్వభావమంతయు ఈ ఒక్క సంఘటనలో కనబడును.

కరువునేలలో వరద ఎట్లు పుట్టునని కొందరు ఆశ్చర్యపడుదురు. నిజమునకు కరువే దానికి తోడగును. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడిన, అది ఒక లీటరు నీరు. ఒక చదరపు కిలోమీటరుపై 100 మిల్లీమీటర్లు పడిన, 10 కోట్ల లీటర్లు. మన ఎఱ్ఱనేలలు చాలచోట్ల లోతు లేనివి. మూరెడు త్రవ్విన రాయి తగులును. వాన బలముగ కొట్టినప్పుడు పైమట్టి పక్కుకట్టి నీటిని లోనికి పోనీయదు. కొండలపై చెట్టు తక్కువ. అందుచే పడిన నీరు నిలువక వెంటనే వాలుపట్టి వంకలోనికి, వంకనుండి ఏటిలోనికి దూకును. కోస్తా డెల్టాలో వరద దినములమీద పెరిగి దినములమీద తగ్గును. మన వంకలో గంటలోనే పెరుగును. మోకాటి లోతు చూచి దిగినవాడు నడుమ చేరునప్పటికి నడుములోతు కావచ్చును.

ఏండ్ల తరబడి నీరు రాని వంకను మనుష్యుడు మరచిపోవును. వంక గట్లను చదును చేయుదురు; ఇండ్లు కట్టుదురు; చెత్త పోసి పూడ్చుదురు. వంక మాత్రము తన దారిని మరువదు. 2022 అక్టోబరులో అనంతపురము పట్టణములో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు, నీరు కొత్తచోటికి రాలేదు. తన పాతచోటికే తిరిగి వచ్చినది.

మరొక కారణము మన నదుల పుట్టుకలో నున్నది. పెన్న కర్ణాటకలోని నందికొండల ప్రాంతమున పుట్టి, గౌరీబిదనూరు మీదుగ ఉత్తరమునకు పారి హిందూపురము చేరును. తుమకూరు జిల్లాలోని దేవరాయనదుర్గపు కొండలలో పుట్టిన జయమంగళి మధుగిరి వైపునుండి వచ్చి దానిలో కలియును. చిత్రావతి చిక్కబళ్లాపురము చేరువ పుట్టి, బాగేపల్లి, పుట్టపర్తి, బుక్కపట్టణము మీదుగ ధర్మవరమువైపు సాగి, కడప జిల్లాలో పెన్నను చేరును. అనగా మన ఏళ్లకు తల ఒక రాష్ట్రములో, మొండెము మరొక రాష్ట్రములో నున్నది. హిందూపురములో ఎండ కాయుచుండగనే పెన్నలో ఎఱ్ఱనీరు రావచ్చును. ఇక్కడి ఆకాశమును చూచి ఏటి సంగతి నిర్ణయింపరాదు. ఎగువన ఏమి కురిసినదో తెలిసికొనవలెను.

మన పూర్వులు ఈ నీటిని ఎంత శ్రద్ధతో గమనించిరో శాసనములు చెప్పుచున్నవి. విజయనగర రాజకుమారుడైన ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండి పాలించుచు, 1388లో, పెన్ననీటిని పెనుకొండకు తేవలసినదని సింగయభట్టు అను జలసూత్ర నిపుణుని ఆజ్ఞాపించెను. అతడు నదినుండి సిరువెర చెరువునకు కాలువ త్రవ్వించినట్లు గౌరీబిదనూరు ప్రాంతపు శాసనము తెలుపును. అప్పటికి రమారమి ఇరువది ఏండ్లకు ముందు, 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడప సీమలోని పోరుమామిళ్లలో పెద్ద చెరువు కట్టించి శాసనము వేయించెను. మంచి చెరువునకు పన్నెండు అంగములు, చెడ్డ చెరువునకు ఆరు దోషములు అందు చెప్పబడినవి. ఆ దోషములు ఇవి: కట్టనుండి నీరు ఊరుట; చవిటినేల; రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట; చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట; నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువగుట; నేల తక్కువై నీరు మిక్కుటమగుట.

ఈ ఆరింటిలో మూడు నేటికిని మన ఎదుట నున్నవి. కట్ట ఊరుట మొదటిది. పొలిమేర తగవు రెండవది. ఎగువ వాన వార్త దిగువకు ఆలస్యముగ చేరుట దాని నేటి రూపము. మిక్కుటమైన నీరు మూడవది. కరువుసీమలో కట్టిన శాసనములో అధికజలమును దోషముగ చెప్పుట చూడుడు. నీటికొరకు తపించిన ఆ పెద్దలే నీటికి భయపడుటయు నేర్చిరి.

మన చెరువులు ఒంటిగ నుండవు. దండలో పూసలవలె ఒకదానితో నొకటి ముడిపడి యుండును. పై చెరువు నిండి మరవ పారిన నీరు క్రింది చెరువునకు పోవును. మరవ అనగా కోస్తావారు అలుగు అని చెప్పునది. ఈ ఏర్పాటు కరువునకు గొప్ప మందు. ఒక్క చినుకు వృథా కాదు. కాని పై చెరువునకు గండి పడినచో, దాని నీరంతయు ఒక్కసారిగ క్రింది చెరువుపై పడును. ఆ చెరువు అప్పటికే నిండియున్న, దానికిని గండి పడును. ఇట్లు ఒక కట్ట తెగుట వలన దిగువ కట్టలన్నియు అపాయములో పడును. గండి పడుటకు ముఖ్యకారణములు మూడు. మరవను పూడ్చుట, లేక ఎక్కువ నీరు నిలువవలెనని దానిపై ఇసుక మూటలు పేర్చుట. కట్టలో ఎలుకబొఱియలు, ముండ్లచెట్ల వేళ్లు దారిచేయుట. తూము ప్రక్కను ఊట పెరుగుట. కట్ట దిగువ వైపున స్వచ్ఛమైన నీరు ఊరిన అంత భయము లేదు. ఆ నీరు మట్టిరంగునకు మారినదనిన, కట్టలోని మట్టి కొట్టుకొని వచ్చుచున్నదని అర్థము. అప్పుడు ఊరిని మేల్కొలుపవలెను. పూర్వము ఈ పనికి ప్రతి చెరువునకు నీరుగట్టి యుండెడివాడు. వానరాత్రి లాంతరు పట్టుకొని కట్టవెంట నడచుట అతని విధి. ఆ కావలి నేడు ఎవరి చేతనైనను జరుగవలసినదే.

ఇక ఇంటిలోని సంగతి. మన సీమలో పాత ఇండ్లు మట్టిమిద్దెలు. దూలములు పరచి, పైన చవుడుమట్టి దట్టముగ పోసి కట్టినవి. కొద్దిపాటి వానకు చవుడు బిగిసి నీటిని ఆపును. ఎండకు చల్లగ నుండును. సాధారణముగ పడు వానకు ఇంతకంటె తగిన కప్పు లేదు. కాని మూడు దినములు ముసురు పట్టినచో లెక్క మారును. 50 చదరపు మీటర్ల మిద్దెపై జానెడు మట్టి యున్నదనుకొందము. ఆ మట్టి తన పరిమాణములో ఐదవ వంతు నీటిని పీల్చిన, దూలములపై అదనముగ సుమారు 2,000 కిలోల బరువు పడును. అదే సమయమున గోడలు అడుగున నాని మెత్తబడును. ఇట్టి ఇండ్లు వాన నడుమ కూలవచ్చును. వాన వెలిసి ఎండ కాయుచుండగ గూడ కూలవచ్చును. నానిన గోడ ఒకవైపు ఆరి ముడుచుకొనును. రెండవవైపు తడిగనే యుండి బీటలు వారును. వాన వెలిసినదని ఆ రాత్రియే బీటలు వారిన గోడప్రక్క పిల్లలను పరుండబెట్టరాదు. తలుపు ఉన్నట్లుండి బిగిసి తెరచుకొనకున్నను, దూలము వద్ద మట్టి రాలుచున్నను, ఇల్లు మనకు చెప్పుచున్న హెచ్చరిక యని గ్రహింపవలెను.

ధర్మవరములో వేరొక కష్టము కలదు. అచ్చటి పట్టుచీరలు నేయునది చాలవరకు గుంటమగ్గములపై. నేతగాడు నేలలో త్రవ్విన గుంటలో కాళ్లుపెట్టి కూర్చుండి, చెక్కలను త్రొక్కుచు నేయును. ముసురు పట్టి భూమిలో ఊట పెరిగినప్పుడు, ఇంటిలోనికి వీధినీరు రాకున్నను, గుంటలో అడుగునుండి నీరు ఉబుకును. పడుగు తడియును, కొయ్య ఉబ్బును, పట్టు, జరీ చెడును. నీరు తోడివేసినను గుంట ఆరుటకు దినములు పట్టును. మగ్గము ఆగిన దినములకు కూలి లేదు. మగ్గముపై నున్న పట్టు తరచుగ షావుకారు ఇచ్చినదగును. అది చెడిన, నష్టము నేతగాని అప్పు పద్దులో చేరును. కోస్తాలో కొట్టుకొనిపోయిన ఇల్లు చిత్రములో కనబడును. ఇక్కడ జానెడు లోతు నీటిలో ఒక కుటుంబపు మూడు నెలల కష్టము మునుగును. దానిని చూచుటకు ఎవరును రారు.

రైతు సంగతియు అట్టిదే. జూన్ జూలైలలో విత్తిన వేరుశనగ అక్టోబరు నవంబరులలో పీకుదురు. పీకిన కట్టె పొలములోనే ఆరుచుండును. ఈశాన్యపు ముసురు సరిగ అప్పుడే వచ్చును. గుత్తిరకపు కాయకు నిద్రావస్థ లేదు. తడి తగిలిన మొలక యెత్తును. మొలవనిదానికి బూజు పట్టును. బూజుపట్టిన గింజలో విషము చేరును గనుక, అది మనుష్యునకును పశువునకును పనికిరాదు. పశువుల మేతయగు కట్టె నల్లబడి కుళ్లును. నాలుగు నెలలు వానకొరకు చూచిన రైతు, పంట చేతికి వచ్చు వారములో ఆ వానకే భయపడవలసిన విపరీతము మన సీమలో కలదు. హిందూపురము, మడకశిర ప్రాంతములలో పట్టుపురుగులు పెంచువారికి చలి, తేమ కలిసి వచ్చినప్పుడు పురుగులకు తెగుళ్లు సోకును. గొర్రెల మందలు బయట తడిసి తూర్పుగాలికి వణకును. ఈనిన దినములలోని పిల్లలు చలికి బిగుసుకొని చనిపోవును.

గాలిని గూర్చి కూడ ఒక మాట. తీరము దాటిన గాలి బలహీనపడునని చెప్పితిమి. అది హానిలేనిదగునని అర్థము కాదు. గంటకు 40, 50 కిలోమీటర్ల గాలి ఎండునేలపై చెట్టును కదలించును. నానిన నేలపై వేళ్లతో పెకలించును. గెలవేసిన అరటి, కాయలతో నున్న బొప్పాయి ముందుగ పడును. సరిగ బిగింపని రేకు ఎగిరి కత్తివలె తగులును. విద్యుత్తు తీగలు తెగి నీటిలో పడును. చీకటిలో ఆ నీటిని త్రొక్కినవానికి గాలి తగ్గినదన్న ఓదార్పు పనికిరాదు.

గాలివానల చేత సముద్రము పొంగి ఊళ్లను ముంచుట మన దేశమునకే పరిమితము కాదు. చలిదేశములందు ఆ పని శీతకాలపు గాలివానలు చేయును. 1953 జనవరి 31వ తేదీ రాత్రి ఉత్తరసముద్రముపై వీచిన వాయవ్యపు గాలివాన, పోటునీటితో కలిసి హాలెండు, ఇంగ్లండు తీరములపై పడినది. హాలెండులో 1,836 మంది, ఇంగ్లండులో 307 మంది మరణించిరి. ఆ రాత్రి చరిత్రలో మనము నేర్వదగిన సంగతులు రెండు కలవు. ఇంగ్లండులో ఉత్తరపు లింకనుషైరు తీరము సాయంకాలము ఏడుగంటలకే మునుగుట మొదలైనది. దక్షిణమున నున్న కాన్వీ ద్వీపమునకు నీరు చేరినది అర్ధరాత్రి దాటిన తరువాత. నడుమ గంటల వ్యవధి యున్నను, పైవారి వార్త క్రిందివారికి అందలేదు. ఆ ఒక్క ద్వీపములో యేబదిమందికి పైగా చనిపోయిరి. హాలెండులో వాతావరణశాఖ హెచ్చరిక చేసినది గాని, ఆ కాలమున అచ్చటి రేడియో రాత్రివేళ ప్రసారము నిలుపుచుండెడిది. జనులు నిద్రించిరి, రేడియో నిద్రించినది, నీరు మాత్రము మేలుకొని యుండెను.

మన తీరమున 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది ప్రాణములు పోయినవి. 1999 అక్టోబరులో ఒడిశాలో దాదాపు అంతటి ఘోరము మరల జరిగినది. ఆ పిమ్మట హెచ్చరిక పద్ధతి బలపడినది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఒడిశాలో, మన రాష్ట్రములో పది లక్షలకు పైగా జనులను ముందే సురక్షిత స్థలములకు తరలించిరి. మరణములు పదులలో ఆగినవి. గాలి తగ్గలేదు, సముద్రము తగ్గలేదు. వార్త ముందు నడచినది, మనుష్యులు దానిని వినిరి. తీరము ఇట్లు నేర్చిన పాఠమును మెట్టసీమ ఇంకను నేర్వవలసి యున్నది.

దానికి తగిన ఏర్పాటు వాతావరణశాఖ పద్ధతిలోనే కలదు. తుపాను హెచ్చరిక నాలుగు దశలలో వచ్చును. 72 గంటల ముందు మొదటి మెలకువ. 48 గంటల ముందు అప్రమత్తత. 24 గంటల ముందు హెచ్చరిక. ఈ మూడును ప్రధానముగ తీరవాసులకు. నాల్గవది తీరము దాటుటకు 12 గంటల ముందు వెలువడును. తీరము దాటిన తరువాత సుడి ఏదిశగ పోవును, లోపలి జిల్లాలలో ఎట్టి వాన, ఎట్టి గాలి యుండును అను సూచన అది. ఈ నాల్గవ దశ మనది. వాయుగుండముగనే వచ్చు సుడికి ఈ నాలుగు దశల హంగు ఉండదు. దినదిన వర్షసూచనయే దానికి హెచ్చరిక. పేరు పెద్దదా చిన్నదా అని చూడక, వానమాటను వినవలెను. ఒక దినములో 64.5 మిల్లీమీటర్లు దాటిన భారీ వర్షము, 115.6 దాటిన అతిభారీ, 204.5 మొదలు అత్యంత భారీ. మన ఏటి వాన అంతయు 550 అని ముందు చెప్పితిమి. అతిభారీ వర్షమనగా ఏటి వానలో ఐదవ వంతు ఒక్క దినములో పడుటయని లెక్క చూచుకొనుడు.

వినునప్పుడు మన జిల్లా పేరు కొరకు మాత్రమే చెవియొగ్గరాదు. చిక్కబళ్లాపురము, గౌరీబిదనూరు, బాగేపల్లి, మధుగిరి, ఈ పేర్లు వినబడిన అవి పొరుగు రాష్ట్రపు వార్తలు కావు; మన ఏటి వార్తలు. అక్కడ రాత్రి కురిసినది ఇక్కడ కొన్ని గంటలలో కాజ్‌వేపై పారును. విద్యుత్తు పోయి, దానివెంట సెల్‌ఫోను స్తంభములు మూగబోయినప్పుడును, బ్యాటరీలతో నడచు చిన్న రేడియో పలుకుచుండును. ముసురు దినములకు రెండు బ్యాటరీలు విడిగ దాచియుంచుట ఇల్లాలు పోపుడబ్బాలో చిల్లర దాచినట్టి తెలివి.

చేయవలసిన పనులు పెద్దవి కావు. వాన మొదలగుటకు ముందే మిద్దెపై నీరు పోవు గొట్టములను శుభ్రపరుపవలెను. ఆరుచున్న వేరుశనగ కట్టెను మిట్టపై వామి వేసి, గాలికి లేవకుండ కప్పి బరువు పెట్టవలెను. గుంటమగ్గము గలవారు విప్పదగిన పట్టును, జరీని విప్పి ఎత్తున పెట్టవలెను. గొర్రెలను వంక పడకనుండి గట్టుపైకి మరల్పవలెను. చెరువు మరవకు అడ్డుపెట్టినవి తొలగింపవలెను. నీరు కొంత పోయినను కట్ట మిగులును. కూలు సూచనలున్న ఇంటివారు బడిలోనో, గుడి మంటపములోనో ఆ రెండు రాత్రులు గడపుటకు సిగ్గుపడరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పారు నీటిని దాటకుండుట. చీలమండ దాటి జానెడు లోతున వడిగ పారు నీరు పెద్దమనిషిని పడవేయగలదు. మూరెడు లోతు నీరు కారును లేపి ప్రక్కకు నెట్టగలదు. నీటి క్రింద కాజ్‌వే ఉన్నదో, కోసుకొనిపోయినదో పైకి తెలియదు. నిన్న దాటితిమి, ముందు బస్సు పోయినది, అవతల ఇల్లు కనబడుచున్నది అను మూడు ధైర్యములు మన ఏళ్లలో ప్రాణములు తీయుచున్నవి. వంక వచ్చినంత వేగముగనే పోవును. ఒక పూట ఇవతల ఆగినవాడు ఆలస్యముగనైనను ఇల్లు చేరును.

వానను తిట్టు అలవాటు మన సీమవారికి లేదు, ఉండనక్కరలేదు. చెరువు నిండిన దినమున గంగమ్మకు పసుపుకుంకుమలు ఇచ్చు నేల ఇది. ఆ నీరు నిలిచినచోట వరము, తప్పిపోయినచోట వరద. రెండింటికిని నడుమ నున్నవి ఒక బలమైన కట్ట, ఒక తెరచిన మరవ, వేళకు అందిన ఒక వార్త. కట్టయు మరవయు ఊరివారి చేతిలో, ప్రభుత్వము చేతిలో నున్నవి. వార్త అందించుట మా పని. వినుట మీ పని. కనుక ఈ కార్తీకములో తుపాను తీరము దాటినదని మేము చదివినప్పుడు, రేడియోను వెంటనే కట్టివేయక, మరి రెండు దినములు వాతావరణ సూచనవేళకు తప్పక తెరచుచుండుడు. మనకు సంబంధించిన మాట ఆ తరువాతనే వచ్చును.